రాస్కల్ కథ - కడపటి పాఠము

జంతువులను ప్రేమింపవలెనని మనకు చిన్ననాటినుండి పెద్దలు బోధించుచుందురు. ఆ బోధ మంచిదే. కాని ప్రేమించుట యనగా నేమి? ప్రేమించినదానిని మన యింటికి దెచ్చి కట్టివేసికొనుట ప్రేమయా? లేక దానిని పుట్టినచోటనే హాయిగా బ్రతుకనిచ్చుట ప్రేమయా? ఈ ప్రశ్నను మనలో పెక్కుమంది వేసికొనరు. దీనిని వేసికొననందువలన నొక గొప్ప దేశము నేటికిని నష్టపడుచున్నది. ఆ దేశము జపాను. ఆ నష్టముతో ముడిపడిన కథ యొక బొమ్మల చలనచిత్రములోని చిన్న జంతువును గూర్చినది. ఆ జంతువు పేరు రాస్కల్.

ఈ పేరు వినగానే చదువరులకు నవ్వు రావచ్చును. మన పాఠశాలలలో నీ మాట తిట్టుగానే వినబడును. పాఠము నొప్పజెప్పలేనివానికిని, వెనుకబల్లపై గూర్చుండి యల్లరి చేయువానికిని దక్కెడు బిరుద మిది. ఆంగ్లమున దీనికి ముద్దుగా పిలుచు తుంటరి యను నర్థమును గలదు. ఆ యర్థముననే యొక యమెరికా బాలుడు తాను పెంచుకొన్న యడవిజంతువు పిల్లకు రాస్కల్ అని పేరుపెట్టెను.

ఆ బాలుడు స్టెర్లింగ్ నార్త్. ఇతడు 1906వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని విస్కాన్సిన్ రాష్ట్రమున జన్మించి, ఎడ్జర్టన్ అను చిన్న పట్టణమున పెరిగెను. పెద్దవాడై రచయితగా పేరుపొంది, 1963లో తన బాల్యమునందలి యొక యేడాది ముచ్చటలను "రాస్కల్" అను గ్రంథముగా ప్రకటించెను. అందలి కథ 1918వ సంవత్సరమున మొదలగును. అప్పటికి మొదటి ప్రపంచయుద్ధ మింకను ముగియలేదు. బాలునికి తల్లి లేదు. అన్న యుద్ధమునకై ఫ్రాన్సు దేశమునకు పోయియుండెను. తండ్రి మంచివాడే గాని తన పనులపై తరచుగా నూళ్లు తిరుగుచుండువాడు. ఇట్లు ఒంటరిగా మిగిలిన పదునొకండేండ్ల బాలునకు అడవిలో దొరకిన రాకూను పిల్ల తోడయ్యెను.

రాకూను మన దేశపు అడవులలో లేని జంతువు. దాని జన్మభూమి అమెరికా ఖండము. పిల్లికన్న బరువైన శరీరము, బూడిదవన్నెగల దట్టమైన బొచ్చు, నల్లని పట్టెలుగల కుచ్చుతోక, కన్నులచుట్టును దొంగ ముసుగు వేసికొన్నట్లుండు నల్లని మచ్చ - ఇవి దాని గుర్తులు. ముందరి పాదములకు మనుష్యుని చేతివ్రేళ్లవంటి సన్నని వ్రేళ్లుండును. ఆ వ్రేళ్లతో నది నీటియడుగున తడవి చేపలను, ఎండ్రకాయలను పట్టుకొనును, గడియలను దీయును, మూతలను విప్పును. మనుష్యుల చెంత పెరుగునప్పుడు ఆహారమును నీటిలో ముంచి కడుగుచున్నట్లు కనబడును. అందుచేతనే జపానీయులు దానికి "అరైగుమ" యని పేరుపెట్టిరి; కడిగెడు ఎలుగుబంటి యని యా మాటకు భావము. నార్త్ వ్రాసిన ముచ్చటలలో నొకటి మిక్కిలి యింపైనది. రాస్కల్‌కు ఒకనాడు చక్కెరబిళ్ల నిచ్చిరి. అది తన యలవాటు చొప్పున దానిని పాలలో ముంచి కడుగబోగా బిళ్ల కరగి మాయమైపోయెను. పాపము, ఆ పిల్ల చేతిలోని తీపి యెక్కడికి పోయెనో తెలియక దిగ్భ్రమ చెందెను.

ఈ గ్రంథమును జపానులోని నిప్పన్ యానిమేషన్ సంస్థవారు బొమ్మల చలనచిత్రముగా మలచిరి. "అరైగుమ రాస్కల్" అను పేర నది 1977 జనవరి 2వ తేదీనుండి డిసెంబరు 25వ తేదీవరకు, ఆదివారపు సాయంకాలములందు, ఫూజీ టెలివిజనులో 52 భాగములుగా ప్రసారమయ్యెను. లోకమున పేరుగాంచిన బాలసాహిత్యమునుండి యేడాదికొక కథను గైకొని బొమ్మలుగా చూపెడు వరుసలో నిది యొకటి. అంతకు రెండేండ్లకు ముందు, 1975లో, అదే వరుసలో "ఫ్లాండర్సు కుక్క" యను కథ ప్రసారమయ్యెను. ఆ కథలో నెల్లో అను పేదబాలుడును, వాని కుక్క పత్రాషును ఆంట్వర్ప్ నగరపు పెద్ద దేవాలయమున చలికి ప్రాణములు విడుతురు. ఆ కథను జూచి కంటతడి పెట్టిన జపానీయు లెందరో బెల్జియము దేశమునకు యాత్రికులై పోయి యా దేవాలయమును దర్శించి వచ్చిరి. ఆ ప్రేమవలన నే ప్రాణికిని కీడు గలుగలేదు. రాస్కల్‌పై పుట్టిన ప్రేమ మాత్రము వేరొక త్రోవ పట్టెను.

దానికి కారణము కొంతవరకు ఆ చిత్రమున రాస్కల్‌ను చూపిన తీరులోనే యున్నది. మన చిన్నయసూరి నీతిచంద్రికలో కాకి మాటలాడును, ఎలుక ధర్మము చెప్పును, పావురముల రాజు తన పరివారమును మొదట విడిపింపుమని వేడుకొనును. అవి జంతుచర్మము కప్పుకొన్న మనుష్యులు. హిరణ్యకుని కథ చదివి యెలుకను పెంచుకొనదలచిన బాలుని నేనెన్నడును చూడలేదు. రాస్కల్ అట్టిది కాదు. ఆ చిత్రమున నది యొక్క మాటయు పలుకదు. అది తన జాతి స్వభావము ననుసరించి తినును, ఎక్కును, దొంగిలించును, మెడచుట్టు చేతులు వేసి బాలుని భుజముపై నిద్రించును. చిత్రకారులు దాని చేష్టల నంత చక్కగా చూపిరి. కావున చూచువానికి "ఇది కథ" యని తోచక "ఇట్టిది నాకును గావలయును" అని తోచును. కోరదగిన వస్తువు లోకమున నిజముగా నున్నచో దానిని దెచ్చి యమ్మువాడును ఉండనే యుండును.

ఆ కాలమున జపానులో రాకూనులను తెప్పించుటకుగాని పెంచుటకుగాని యడ్డుచెప్పు చట్టము లేదు. చిత్రము ప్రసారమైన పిమ్మట పెంపుడు జంతువుల వర్తకులు రాకూను పిల్లలను అమెరికానుండి పెద్దసంఖ్యలో దెప్పించిరి. పిల్లలు మారాము చేసిరి, తల్లిదండ్రులు కొనియిచ్చిరి. మొదటి నెలలు ముచ్చటగనే గడచిపోయెను. రాకూను పిల్ల పాలసీసాను రెండు చేతులతో పట్టుకొని త్రాగును, పిలిచిన వచ్చును, ఒడిలో నిద్రించును. కాని యేడాది దాటి యది యీడునకు వచ్చినప్పుడు దాని స్వభావము బయటపడును. అది రాత్రి తిరుగు జంతువు. ఇంటివారు నిద్రించు వేళ నది బీరువాలు తెరచును, గోడలు గీకును, తలుపులు కొరుకును. పట్టుకొనబోయినచో కరచును. మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారందురు. రాకూను విషయమున నీ సామెత తలక్రిందులగును: మొక్కగా నున్నప్పుడు వంగినను మానైన పిమ్మట నది వంగదు. ఇది దాని తప్పు కాదు. వేలయేండ్లుగా మనుష్యుని గడపలో పెరిగిన కుక్కకును, అడవిలో తన పొట్ట తాను పోసికొన్న రాకూనుకును భేద మిదియే.

అప్పుడు జపాను గృహస్థులకు గొప్ప చిక్కు వచ్చెను. చంపుటకు చేతులు రావు. పెంచుటకు శక్తి చాలదు. కావున పెక్కుమంది వానిని సమీపమునందలి యడవికి గొనిపోయి విడిచిరి. కొన్ని తమ నేర్పుగల వ్రేళ్లతో గడియలు దీసికొని తామే పారిపోయెను. ఇచట న్యాయముగా నొక మాట చెప్పవలసియున్నది. జపానులో రాకూనులు తప్పించుకొనుట రాస్కల్‌తోనే మొదలు కాలేదు. 1962లోనే ఐచి మండలమునందలి ఇనుయామలో 12 రాకూనులు బోను దాటిపోయెను. 1979లో ఉత్తరమున హొక్కయిదో ద్వీపమున మరికొన్ని తప్పించుకొనెను. కాని దేశముయొక్క నలుమూలలను ఇంటింట రాకూనును పెంచు వేడుక వ్యాపించుటకు ఆ చిత్రము ముఖ్యకారణమని యా దేశమున నందరును ఒప్పుకొనియున్నారు.

తరువాత జరిగినది పాఠములవలె గణితము. రాకూను ఒక్కయీతకు సామాన్యముగా మూడునుండి ఆరు పిల్లలను బెట్టును. అమెరికాలో దానిని వేటాడు పెద్ద మృగములు కలవు. జపానులో దానికి శత్రువు లేడు. ఆ దేశపు తోడేలు 1905వ సంవత్సరము తరువాత కనబడనే లేదు. తినుటకు పండ్లు, ధాన్యము, చేపలు, గ్రుడ్లు, చెత్తకుప్పలు - ఏదైనను దానికి సరియే. కావున నేడు జపానునందలి 47 మండలములలో నలువదికి పైబడిన వానియందు రాకూనులు స్థిరపడినవి. పుచ్చపంట చేతికి వచ్చు సమయమున నవి కాయకు చిన్న రంధ్రము చేసి, చేయి లోనికి పోనిచ్చి, గుజ్జంతయు దినిపోవును. పైనుండి చూచిన రైతునకు కాయ చెక్కుచెదరనట్లే యుండును. మొక్కజొన్న, ద్రాక్ష మొదలగు పంటలును వానివలన పాడగుచున్నవి. పంటనష్టమే యేటేట 30 కోట్ల యెన్నులకు మించుచున్నదని లెక్కలు చెప్పుచున్నవి. వందలయేండ్ల నాటి కొయ్య దేవాలయముల యటుకలలో నవి కాపురముండి, స్తంభములపై గోళ్ల గీతలను, పైకప్పులపై మలమూత్రముల మరకలను మిగుల్చుచున్నవి.

పంటయు కట్టడములును మనుష్యుని సొత్తు. వానిని మరల చేసికొనవచ్చును. మరల చేసికొనరానిది మరియొకటి కలదు. జపాను వాగులలో రాకూనువంటి శత్రువు నెన్నడును చూడని చిన్న ప్రాణు లెన్నియో కలవు. బల్లిని బోలియుండు సాలమాండరు లనెడు నీటిప్రాణులు, కప్పలు, వాగు రొయ్యలు మొదలగునవి తమ శత్రువులనుండి తప్పించుకొను విద్యను తరతరములుగా నేర్చినవే గాని, చీకటిలో నీటియడుగున వ్రేళ్లతో తడవి పట్టు శత్రువునుండి తప్పించుకొనుట వానికి తెలియదు. హొక్కయిదోలో దప్ప వేరెచ్చటను కనబడని సాలమాండరు జాతియును వీని వాతబడుచున్నది. వీనిని గూర్చి యెవరును బొమ్మల కథ తీయలేదు. వీనికి ముద్దుపేర్లు లేవు. ఒక ప్రాణిని ముద్దాడిన ప్రేమ పేరులేని వేయిప్రాణులను మరచిపోయెను.

చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లు, జపాను ప్రభుత్వము 2004లో నొక చట్టము చేసి 2005 జూన్ నుండి యమలుపరచెను. పరదేశములనుండి వచ్చి దేశపు ప్రకృతికి కీడుచేయు జంతువులను అనుమతి లేక తెప్పించుట, పెంచుట, ఒకచోటినుండి మరియొకచోటికి చేర్చుట, అడవిలో విడుచుట నేరమని యా చట్టము శాసించుచున్నది. రాకూనును మొదటి పట్టికలోనే చేర్చిరి. ఇప్పు డేటేట పదివేలకు మించిన రాకూనులను బోనులుపెట్టి పట్టి చంపుచున్నారు. ఇది తలచుకొన్నప్పుడు మనసు కలత చెందును. వర్తకుడు లాభము గొనెను. కొనినవాడు కొన్నినెలల ముచ్చట గొనెను. ఋణము తీర్చుచున్నది మాత్రము ఆ వ్యాపారమున నే భాగమును లేని రాకూను. తన యిచ్ఛతో నది సముద్రము దాటి రాలేదు. అది తన స్వభావముననుసరించి బ్రతుకుటయే దానికి మరణశిక్ష తెచ్చిపెట్టెను. దాని నక్కడికి దెచ్చినది ద్వేషము కాదు, ప్రేమ. కథయందలి మిక్కిలి విషాదకరమైన సంగతి యిదియే.

అట్లయిన దోష మెవరిది? కొందరు ఆ చిత్రముదే యందురు. పిల్లలకు జంతువుల నింత ముద్దుగా చూపుటవలననే యీ యనర్థము పుట్టినదని వారి వాదము. నేను దీని నంగీకరింపజాలను. ఏలయన, ఆ కథ తన పాఠమును తానే స్పష్టముగా చెప్పియున్నది. రాస్కల్ పెద్దదై పొరుగువారి మొక్కజొన్న చేలలో బడి దోచుకొనసాగెను. పొరుగువారు గోలపెట్టిరి. బాలుడు దానికి పట్టీ కట్టి చూచెను. గూడు కట్టి లోపల నుంచి చూచెను. స్నేహితుని కటకటాలలో బెట్టి స్నేహము నిలుపుకొనుట సాధ్యము కాదని కడకు గ్రహించెను. తన చేతులతో తాను చేసిన పడవలో రాస్కల్‌ను ఎక్కించుకొని, కొష్కొనాంగ్ అను సరస్సు దాటి, అడవియొద్దకు గొనిపోయెను. అడవినుండి దాని జాతి పిలుపు వినవచ్చెను. రాస్కల్ పోయెను. బాలుడు వెనుకకు పిలువక పడవ త్రిప్పుకొని వచ్చెను. అడవిజంతువును ఇంట నుంచుకొనరాదని చెప్పుటకు ఇంతకన్న స్పష్టమైన ముగింపు వేరొకటి యుండునా?

చూచినవారు కథనంతయు చూచిరి. కాని తమకు కావలసిన భాగమునే మనసున నుంచుకొనిరి. పాలసీసా పట్టుకొన్న పిల్ల వారి మనసున నిలిచెను. ఖాళీ పడవ నిలువలేదు. మనము పుస్తకములు చదువునప్పుడును ఇట్లే చేయుచుందుము గదా! తీపిగా నున్న పుటను మరల మరల చదివి, చేదుగా నున్న పుటను త్వరగా త్రిప్పివేయుదుము. కాని రచయిత చెప్పదలచినది తరచుగా నా చేదుపుటలోనే యుండును.

చిత్రమును తీసినవారియందు లేశమును బాధ్యత లేదని నేననను. ఏడాదిపొడవున ముద్దుముచ్చటలు చూపి, యెడబాటును కడపటి వారములకు మిగిల్చినప్పుడు, బాలుర మనసున నేది బలముగా నాటుకొనునో పెద్దలు ముందుగానే యూహింపవలసినది. నేడు గనుక అట్టి కథ తీయువారు "ఈ జంతువు అడవిది, అంగడిది కాదు" అని మొదటినుండియు తెలియజేయుట మేలు. కాని కథ తప్పుగా గ్రహింపబడునేమో యను భయముతో కథలనే మానుకొన్నచో మనకు మిగులున దేమి? రాస్కల్ కథ లేకున్నచో రాకూనుకు మన ప్రేమయు, దానితో పాటు మన దయయు లేకుండును. కథను చంపుట పరిష్కారము కాదు. కడవరకు చూచుట పరిష్కారము.

ఇచట మరియొక సూక్ష్మమున్నది. రాకూనులను అడవిలో విడిచిన జపానీయులలో పెక్కురు తాము స్టెర్లింగ్ చేసినదే చేయుచున్నామని తలచియుందురు. బయటికి రెండు పనులును ఒక్కటియే. రెండింటను అడవి యున్నది, కన్నీరున్నది, ఎడబాటున్నది. కాని విస్కాన్సిన్‌లో విడిచిన రాకూను తన యింటికి పోయెను. జపానులో విడిచిన రాకూను పరుల యింట చొచ్చెను. మొదటిది అప్పగింత; రెండవది వదలించుకొనుట. అడవి యను పేరొక్కటే గాని అడవులన్నియు నొక్కటి కావు. ఒక్కొక్క యడవికిని దానికి తగిన నివాసులు, వారిలో వారికి వేలయేండ్లుగా కుదిరిన లెక్కలు కలవు. ఆ లెక్క తెలియక యొక ప్రాణిని అందులో పడవేయుట దయ యనిపించుకొనదు.

మన దేశమునకును ఈ విషయమున సంబంధము కలదు. హిందూదేశపు ముంగిస యొకటి జపాను దీవులలో నిట్టి కథనే నడపెను. 1910లో వతసె షోజబురో అను జపాను జంతుశాస్త్రజ్ఞుడు, హబు అను విషసర్పమును నిర్మూలింపవలెనని, గంగానది ముఖమునందలి ప్రాంతములనుండి ముంగిసలను దెప్పించి ఒకినావా ద్వీపమున విడిపించెను. 1979లో అమామి ద్వీపమునను సుమారు 30 ముంగిసలను విడిచిరి. ముంగిస పామును చంపునని మనకు శిశుప్రాయమునుండి తెలియును. బిడ్డను కాపాడి యజమానురాలి చేత చచ్చిన ముంగిస కథ విని కంటనీరు పెట్టనివా రెవరు? కాని ముంగిస పగలు తిరుగును. హబు సర్పము రాత్రి తిరుగును. రెండును కలిసికొనుట యరుదు. ముంగిస పామును విడిచి, ఆ ప్రాంతపు దీవులలో దప్ప వేరెక్కడను లేని అమామి నల్లకుందేలును తినసాగెను. ఎన్నియో యేండ్లు బోనులు పెట్టి, కుక్కలచేత వెదకించి, 2024 సెప్టెంబరులో అమామియందు ముంగిస లేకుండ చేసితిమని జపాను ప్రభుత్వము ప్రకటించెను. మన కథలో కృతఘ్నతకు బలియైన ముంగిస యచట మనుష్యుని తొందరపాటునకు బలియయ్యెను.

మన రామచిలుక సంగతియు నట్టిదే. పెంపుడు పక్షులుగా కొనిపోబడి పంజరములు తప్పించుకొన్న రామచిలుకల సంతతి టోక్యో నగరపు చెట్లపై నేడు గుంపులుగా కాపురమున్నది. వెలిదేశముల మాట యటుంచి మన వీధులలోని యిండ్లవంక చూతము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట నేరము. అయినను వసారాలో వ్రేలాడు చిలుక పంజరము మనలో ననేకులకు క్రొత్త కాదు. పండు పెట్టుచున్నాము, పలుకులు నేర్పుచున్నాము, పేరుపెట్టి పిలుచుచున్నాము. ప్రేమ లేదందురా యని యింటివారు ప్రశ్నింతురు. ప్రేమ యున్నది. రాస్కల్‌ను కొనిన జపాను తండ్రికిని ప్రేమ యుండెను. ప్రేమ యున్నంతమాత్రమున పని మంచిది కాజాలదని చెప్పుటకే యింత దూరపు కథను దెచ్చి చెప్పితిని.

దీనికొక యాక్షేపణ రావచ్చును. జంతువులను దగ్గర నుంచుకొననిచో బాలురకు దయ యెట్లు అలవడును? పుస్తకములు చదివినంతనే కరుణ కలుగునా? ఈ ప్రశ్న విలువైనది. దీనికి సమాధానముగా రెండు మాటలు చెప్పెదను. మొదటిది: మనుష్యునితో బ్రతుకుటకు తరతరములుగా నలవాటుపడిన ప్రాణులు కొఱతగా లేవు. కుక్క, పిల్లి, ఆవు, మేక, కోడి - వీనికి మన యిల్లే యిల్లు. వీధిలో చలికి వణకుచున్న కుక్కపిల్లకు పిడికెడన్నము పెట్టిన బాలునకు దయ నేర్చుకొనుటకు సముద్రములు దాటిన జంతువుతో పనిలేదు. రెండవది: అడవిప్రాణిని ప్రేమించు పద్ధతి చేతితో పట్టుట కాదు, కంటితో చూచుట. స్టెర్లింగ్ నార్త్ గ్రంథము నేటికిని చదువబడుటకు కారణ మతడు రాకూనును కలిగియుండుట కాదు. దానిని శ్రద్ధతో చూచి, చూచినది చూచినట్లు వ్రాయుట. చక్కెరబిళ్ల కరగినప్పటి దాని దిగ్భ్రమను అతడు గమనింపకున్నచో మనకా పుటయే లేదు. మన పాఠశాల యావరణలోని చెట్టుపై గూడు కట్టు గిజిగానిని ఒక నెలదినములు దూరమునుండి చూచి, దినచర్యగా వ్రాసికొనిన విద్యార్థి, పంజరమున పది పక్షుల నుంచుకొన్నవానికన్న పక్షి నెక్కువగా నెరిగినవాడగును.

కావున తోడి విద్యార్థులారా, ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది యెక్కడ పుట్టినది? ఇది పెద్దదైన పిమ్మట నెట్లుండును? దీని కడపటి దినమువరకు దీని భారము నేను వహింపగలనా? ఈ మూడింటికిని జవాబు చెప్పలేనిచో చేయి వెనుకకు తీసికొనుటయే దయ. ఇప్పటికే తెచ్చుకొన్న పరదేశపు తాబేలుగాని, చేపగాని మనకు భారమైనచో దానిని ఊరి చెరువులో విడిచి పుణ్యము కట్టుకొంటిమని తలపరాదు. జపానీయులు విడిచినదియు నిట్లే, ఒక్కొక్కరు ఒక్కొక్క జంతువునే. ఒక్కటి యేమి చేయునని ప్రతివాడును తలచెను. ఆ ఒక్కొక్కటి కలిసి నేడు దేశమంతట నిండినది.

రాస్కల్ బొమ్మ నేటికిని జపానులో పిల్లల సంచులపైనను, అంగళ్లలోను చిరునవ్వు నవ్వుచునే యున్నది. నిజమైన రాకూను మాత్రము బోనులో జిక్కి తన విధికై యెదురుచూచుచున్నది. ఈ రెండింటికి నడుమనున్న దూరము, కథను సగము విన్నవారికిని పూర్తిగా విన్నవారికిని నడుమనున్న దూరమే. ఆ చిత్రమును చూచు భాగ్యము మీకు గలిగినచో నవ్వుడు, ముద్దుపడుడు, కంటతడి పెట్టుడు. కాని యా ఖాళీ పడవ ఒడ్డునకు చేరువరకు లేచిపోకుడు.